దిగుడులోనే వచ్చే చప్పుడు

అతని అసలు పేరు కాగితాల్లో ఎక్కడో ఉంది. వీధిలో మాత్రం అందరికీ నిదానమే. నట్టు విప్పమంటే ముందు దాని చుట్టూ ఉన్న మట్టి తుడుస్తాడు, తుడిచాక ఊదుతాడు, ఊదాక తల పక్కకి వాల్చి చూస్తాడు, అప్పుడు లేచి పానా వెతుక్కుంటాడు. "ఆ నట్టుకి పెళ్ళిచూపులు చూస్తున్నావా, విప్పుతున్నావా" అని డ్రైవర్లు ఎగతాళి చేస్తే నవ్వడు, కోప్పడడు. "తొందరుంటే పక్క షెడ్డుంది" అంటాడు. పక్క షెడ్డుకి ఎవరూ వెళ్ళరు. ఎందుకంటే నిదానం చెవి లాంటి చెవి ఆ కొండ మీద ఇంకొకటి లేదు.

కొండ మీద ఊరు. బస్సులు ఆగే చోటు వెనక రేకుల షెడ్డు. దాన్ని ఆనుకుని ఒకే కిటికీ ఉన్న గది. అందులో నిదానం భార్య ఇస్త్రీ చేస్తుంది. ఇంజిన్ చప్పుడు వినాల్సి వచ్చినప్పుడు నిదానం ఒక పొడుగాటి ఇనుప కడ్డీ తీసుకుని, ఒక కొస ఇంజిన్‌కి ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. అప్పుడు షెడ్డులో ఎవరూ దగ్గకూడదు. గోడ అవతల భార్య కూడా ఇస్త్రీపెట్టె బల్ల మీద ఠప్పున పెట్టకుండా చేతిలోనే పట్టుకుని నిలబడుతుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా అంటుంది గానీ, ఆ రెండు నిమిషాలు మాత్రం ఆమె నోరు కూడా కుట్టేసినట్టు ఉంటుంది. కడ్డీ తీశాక అతను ఒకటే మాట అంటాడు. "రెండోదానికి పైన." అంతే. విప్పి చూస్తే రెండో సిలిండరుకి పైనే ఉంటుంది జబ్బు.

ఇంత పేరున్నవాడికి ఒక లోటు ఉంది. కారెక్కితే కడుపు తిప్పుతుంది. చదునైన రోడ్డు మీద, స్టీరింగ్ తన చేతిలో ఉంటే ఫరవాలేదు. కొండ దిగే రోడ్డు మీద నాలుగు మలుపులు తిరిగితే చాలు, నాలుక కింద నీళ్ళూరి, ముఖం తెల్లబడి, ఇక ఆ తర్వాత సంగతి అడక్కూడదు. అందుకని కిందికి పోవాల్సొస్తే మెట్లదారిన నడిచే పోతాడు. కొండ దిగే బండ్లన్నీ అతని చేతిమీదుగానే దిగుతాయి. అతను మాత్రం వాటిలో దిగి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. దీనివల్ల ఎప్పుడైనా నష్టం వస్తుందని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఇక ఆ బండి సంగతి. కిడ్నీలు పాడైనవాళ్ళను కింద పట్నంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తీసుకురావడానికి కొండ మీద ఒక చిన్న కేంద్రం ఉంది. వాళ్ళకున్న మూడు బండ్లలో ఒకటి ఏడు సీట్లది. వారానికి మూడుసార్లు నలుగురు రోగులు దాంట్లో కిందికి దిగుతారు. అక్కడ మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుని సాయంత్రానికి పైకి వస్తారు. ఆ బండి నడిపేది నిదానం బావమరిది. తల్లి పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. అక్క వెంట ఈ ఇంటికొచ్చాడు. ఈ షెడ్డులోనే పెరిగాడు, ఈ షెడ్డు ముందున్న చదును మీదే క్లచ్చు తొక్కడం నేర్చుకున్నాడు. కేంద్రంలో ఉద్యోగం కూడా నిదానం మాట మీదే దొరికింది. ఎనిమిదేళ్ళుగా నడుపుతున్నాడు. బండికి గీత పడలేదు.

మూడు వారాల కిందట వాడు వచ్చి, "బావా, బండిలో ఏదో గలగలమంటోంది" అన్నాడు.

"ఎక్కడ?"

"ఇంజిన్లో. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు."

"ఎప్పుడు?"

"అదే తెలియదు. ఒక్కోసారి వస్తుంది. వచ్చిందనుకునేలోపు పోతుంది."

నిదానం బానెట్టు ఎత్తాడు. కడ్డీ ఆనించాడు. ఇంజిన్ పాలు తాగిన పసిపిల్లలా చప్పుడు లేకుండా ఆడింది. ఊరి చుట్టూ ఉన్న చదును రోడ్డు మీద ఒక్కడే నడుపుకుంటూ రెండు చుట్లు తిరిగి వచ్చాడు. ఏమీ లేదు. నూనె గీత చూశాడు, నిండుగా ఉంది. కేంద్రం వాళ్ళ పద్ధతి ప్రకారం కాగితం మీద 'బండి బాగానే ఉంది' అని రాసి సంతకం పెట్టాడు.

మరుసటి వారం మళ్ళీ అదే ఫిర్యాదు, మళ్ళీ అదే కాగితం. ఆ మరుసటి వారం మూడోది. ఈలోగా కొండ దిగే దారిలో చప్పుడు వచ్చినప్పుడల్లా బావమరిది బండి పక్కకి ఆపేయడం, దిగి చూడటం, చప్పుడు లేకపోతే మళ్ళీ కదలడం మొదలుపెట్టాడు. మూడోసారి అలా ఆగినందుకు ఆలస్యమైంది. రోగుల్లో ఒకాయన, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, మిషను మీద తన వంతు పోగొట్టుకున్నారు. రెండు రోజులకు కాళ్ళు ఉబ్బి, ఊపిరందక, హుటాహుటిన ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది.

కేంద్రం చూసుకునే ఇన్‌ఛార్జమ్మ డ్రైవరును పిలిచింది. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మెల్లగా మాట్లాడే మనిషి, అదే ఎక్కువ భయం. మూడు కాగితాలు బల్ల మీద వరసగా పెట్టి, "మీ బావగారు రాసిచ్చినవే కదా ఇవి. మూడింట్లోనూ బాగానే ఉందని ఉంది. మరి చప్పుడు నీకొక్కడికే వినిపిస్తోందా?" అంది.

"వస్తోంది మేడమ్."

"నీకు దిగుడంటే భయం పట్టుకుందేమో. పట్టుకుంటే తప్పు లేదు. కానీ భయం పట్టినవాడికి నేను రోగుల్ని అప్పజెప్పలేను. ఈసారి దారిలో ఆగితే ఇంక వేరేవాణ్ణి పెట్టుకుంటాను."

అలా బావమరిది అడకత్తెరలో పోకచెక్కయ్యాడు. ఆగితే ఉద్యోగం పోతుంది. ఆగకపోతే ఆ చప్పుడు ఏం చేస్తుందో తెలియదు.

ఆ తర్వాతి ట్రిప్పు రోజు పొద్దున ఎనిమిది గంటలకు వాడు షెడ్డు ముందు బండి ఆపి దిగలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. పదకొండింటికి రోగుల్ని ఎక్కించుకోవాలి. నిదానం బయటికొచ్చి, తల పక్కకి వాల్చి ఇంజిన్ విన్నాడు.

"ఏమీ లేదు కదరా."

"ఇక్కడ లేదు బావా. అదే చెప్తున్నా. ఇక్కడ ఉండదు."

"ఉంటే ఎక్కడైనా ఉంటుంది."

ఇస్త్రీగది కిటికీలోంచి అక్క తల బయటికొచ్చింది. "ఏమండీ, జ్వరం తగ్గాక పిల్లాణ్ణి డాక్టరుకి చూపిస్తే ఆయనేం చెప్తాడు? ఒళ్ళు చల్లగానే ఉందమ్మా అంటాడు. మీరు చేస్తున్న వైద్యం అదే."

"నువ్వు ఇస్త్రీ చూసుకో."

"చూసుకుంటూనే అంటున్నా. రోగం కొండ దిగేటప్పుడొస్తుంటే మీరు కొండ మీద కూర్చుని నాడి చూస్తున్నారు."

 నిదానం గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. వాటికి అంటుకున్నదేమీ లేదు, అయినా తుడుచుకున్నాడు. ఆమెకి ఆ తుడుచుకోవడం అర్థమైంది.

"కడుపు తిప్పితే తిప్పనివ్వండి. ప్రాణం పోదు. పోయేది వాళ్ళ ప్రాణం" అంటూ ఒక ప్లాస్టిక్ సంచీ, తడిగుడ్డ, నిమ్మకాయ చెక్క తెచ్చి అతని చేతిలో పెట్టింది. "తమ్ముడూ, నలుగురు ఎక్కినప్పుడే కదా వస్తోంది. షెడ్డులో ఉన్న నీళ్ళ క్యాన్లు వెనక్కి ఎక్కించు. మనుషుల బరువు ఉండాలి."

"అక్కా, బావ నిజంగా వస్తాడా?"

"రాకపోతే నేనొస్తా. నాకు చెవుల్లేవు గానీ నోరుంది, నీకు తోడుగా అరుస్తా."

పది క్యాన్లు ఎక్కాయి. నిదానం పక్క సీట్లో కూర్చున్నాడు. పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

మొదటి మలుపు. రెండు. మూడు. ఒకవైపు కొండ గోడ, ఇంకోవైపు మోకాలెత్తు పిట్టగోడ, దాని అవతల చెట్ల తలలు. నిదానం కళ్ళు మూసుకుని నిమ్మచెక్క ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంజిన్ మాత్రం తప్పు పట్టడానికి లేకుండా నడుస్తోంది. నాలుగో మలుపుకి ముఖం తెల్లబడింది. ఆరో మలుపుకి సంచీ తెరిచాడు. బావమరిది వేగం తగ్గించబోతే చేత్తోనే వద్దని సైగ చేశాడు.

"రోజూ ఎలా నడుపుతావో అలాగే నడుపు."

"వస్తుందో రాదో బావా."

"మాట్లాడకు."

ఎనిమిది. తొమ్మిది. బావమరిది పెదాలు కదులుతున్నాయి. చప్పుడు రాకూడదని మూడు వారాలుగా కోరుకున్నవాడు, ఇవాళ రావాలని కోరుకుంటున్నాడు. రాకపోతే నాలుగో కాగితం తయారవుతుంది. పది. ఏమీ లేదు. వాడి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

పదకొండో మలుపు దాటాక రోడ్డు ఒక్కసారిగా నిటారుగా దిగుతుంది. మిగతా దారంతటికీ అంత పొడుగు దిగుడు లేదు. బండి ముక్కు నేలకి వంచి దిగడం మొదలుపెట్టింది. బావమరిది బ్రేకు మీద కాలు పెట్టాడు.

వచ్చింది.

ముందు గలగల. ఆ వెంటనే టకటకటక, పైనుంచి, ఇనుము ఇనుముని కొట్టుకుంటున్నట్టు. నిదానం కళ్ళు తెరిచాడు. కడుపు సంగతి మర్చిపోయాడు. అది వదులైన రేకు చప్పుడు కాదు. దాహం వేసిన ఇంజిన్ చప్పుడు. పైన ఆడే ముక్కలకి నూనె అందక అవి ఎండుగా కొట్టుకుంటున్నాయి. అతని కళ్ళు స్టీరింగ్ వెనకున్న దీపాల మీదికి పోయాయి. నూనె దీపం ఎర్రగా వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది.

"ఆ దీపం వెలిగిందిరా."

"ఏ దీపం? ఇక్కడ నా కళ్ళు రోడ్డు మీదుంటాయి గానీ దీపాల మీదుంటాయా బావా?"

"పక్కకి తియ్యి. నెమ్మదిగా. గోడ వైపు. ఆపి ఇంజిన్ కట్టెయ్. హ్యాండ్‌బ్రేకు లాగు."

బండి ఆగింది. నిదానం దిగి ముందు చక్రాల కింద రెండు రాళ్ళు దోపాడు. ఆ తర్వాతే పిట్టగోడ మీదికి వంగి కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. తడిగుడ్డతో మూతి తుడుచుకుంటూ కిందికి చూశాడు. దిగుడు చివర ఇంకో మలుపు కనబడుతోంది. నూనె అందక ఇంజిన్ ఆ దిగుడులో పట్టేసిందంటే స్టీరింగ్ రాయైపోతుంది, బ్రేకు తొక్కినా కాలు దిగదు. వెనక సీట్లలో నలుగురు. మూడు వారాలుగా తను మూడు సంతకాలు పెట్టి పంపింది ఈ దిగుడుకే.

"బావా, విన్నావు కదా. నాకు పిచ్చి లేదు కదా."

"లేదు."

"ఆ మాట మేడమ్‌కి చెప్తావా?"

"చెప్తా. టార్చి ఇటివ్వు."

నూనె నిండుగా ఉంటే అందకపోవడమేమిటి? దానికి ఒకటే జవాబు. అతను బండి కింద వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. ఇంజిన్ అడుగున నూనె నిలిచే ఇనుప తొట్టిని మెకానిక్కులు చాంబరంటారు. నూనెని పైకి పీల్చే గొట్టానికి చివర ఒక జల్లెడ ఉంటుంది, అది ఈ తొట్టి అడుగుకి వేలెడు ఎత్తులో ఉంటుంది. అక్కడ తొట్టికి సొట్ట పడితే జల్లెడ నోరు చాలావరకు మూసుకుపోతుంది. చదును మీద ఎలాగో పీల్చుకుంటుంది. ముక్కు వంచి దిగితే జల్లెడ దగ్గరున్న నూనె ముందుకి జారిపోయి గాలి పీల్చుకుంటుంది.

సొట్ట ఉంది. అరచెయ్యంత, సరిగ్గా జల్లెడ కింద. బురద పూసుకుని ఉండటంతో బయటికి ఆనలేదు. అతను బొటనవేలితో బురద తుడిచాడు. గుండ్రటి అంచు తగిలింది. ఆ అంచు మీద ఒక గుంట. ఇంకో గుంట. ఇంకోటి. నాలుగోది ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

టార్చి చేతిలోనే ఉంది. వెలిగించాల్సిన పని లేకపోయింది.

అతని షెడ్డులో ఉన్న జాకీ తల మీద ఇనుప పళ్ళెం ఉంటుంది, దానికి నాలుగు పళ్ళుంటాయి. ఒకటి విరిగి చాలా కాలమైంది. నాలుగు వారాల కిందట బ్రేకు రేకులు మార్చడానికి ఈ బండినే పైకెత్తాడు. నడుం పట్టేసి ఉంది ఆ రోజు. ఎప్పుడూ కింద పడుకుని, ఇనుప దూలం ఎక్కడుందో చూసి, మధ్యలో చెక్క పెట్టి ఎత్తేవాడు. ఆ రోజు మాత్రం వంగకుండా, గుడ్డిగా జాకీ లోపలికి తోసి, కాలితో మీట తొక్కాడు. టక్కుమని చిన్న చప్పుడైంది. అది విన్నాడు. అంత చెవున్నవాడు వినకుండా ఎలా ఉంటాడు? చక్రం కింద గులకరాయి తుళ్ళిందిలే అనుకున్నాడు. జాకీ వెనక్కి లాగి సరైన చోట పెట్టి ఎత్తాడు. మర్చిపోయాడు.

"ఏముంది బావా?" బయటినుంచి బావమరిది బూట్లు, మోకాళ్ళు, ఆ తర్వాత వంగిన తల కనబడ్డాయి.

"సొట్ట."

"దేనికి?"

"చాంబరుకి."

"ఎలా పడింది?"

నిదానం జవాబు చెప్పేలోపు వాడి ఫోను మోగింది. ఇన్‌ఛార్జమ్మ. టైము తొమ్మిదిన్నర దాటింది. స్పీకరు పెట్టి ఫోను నిదానం నోటికి దగ్గరగా బండి కిందికే అందించాడు వాడు. నిదానం పడుకున్న చోటినుంచే చెప్పాడు. చప్పుడు నిజమే అన్నాడు. బండి ఇవాళ రోగుల్ని ఎక్కించుకోకూడదన్నాడు. నూనె తొట్టికి సొట్ట పడిందన్నాడు.

అవతలినుంచి ఆమె, "సరే, వాళ్ళని అంబులెన్సులో పంపిస్తాను. అది మీరు నాకొదిలేయండి" అంది. ఆ తర్వాత మెల్లగా, "సొట్ట అంటే, రాయి మీదికి ఎక్కించాడన్నమాట. ఎక్కించి, ఆ సంగతి చెప్పకుండా చప్పుడు చప్పుడంటూ తిరిగాడు" అంది.

కాదు అనడానికి ఒక మాట చాలు.  నిదానం దాన్ని కక్కలేకపోయాడు, మింగలేకపోయాడు. జాకీ గుర్తంటే షెడ్డు పేరు పోతుంది. కేంద్రానికి ఇదొక్కటే బండి కాదు, ఇంకా రెండున్నాయి. వాటి పని పోతుంది. తండ్రి దగ్గర్నుంచి వచ్చిన పేరు. రాయి అంటే ఏమీ పోదు. రాయి ఎవరి సొత్తూ కాదు.

"చూసి చెప్తాను మేడమ్" అన్నాడు.

ఫోను ఆగిపోయింది. బూట్లు కదలకుండా అక్కడే ఉన్నాయి.

బండిని వెనక్కి తిప్పారు. ముక్కు పైకి ఎత్తి ఎక్కేటప్పుడు నూనె వెనక్కి, జల్లెడ వైపు జారుతుంది. అందుకే ఎక్కేటప్పుడు చప్పుడు ఏనాడూ రాలేదు. అయినా నిదానం దీపం మీదినుంచి చూపు తిప్పకుండా, పరుగెత్తించనివ్వకుండా పైకి తెప్పించాడు. స్టీరింగ్ బావమరిది చేతిలోనే ఉంది.

పదో మలుపు దాటాక వాడు అన్నాడు. "నేను ఏ రాయి మీదా ఎక్కించలేదు బావా."

నిదానం దీపం వైపే చూశాడు.

తొమ్మిది. ఎనిమిది.

"ఎక్కిస్తే తెలియదా? ఇంత సొట్ట పడితే కాళ్ళ కింద తెలియాలి కదా."

ఏడు.

"ఆ మధ్య వానొచ్చింది చూడు, ఆ రోజు ఆరో మలుపు దగ్గర గోడమీంచి మట్టి జారింది. దాని మీదుగా పోనిచ్చాను. దాంట్లో రాయేమైనా ఉందేమో." గేరు మార్చాడు. "ఉండే ఉంటుంది. ఇప్పుడు గుర్తొస్తోంది. కిందేదో తగిలినట్టే అనిపించింది."

వాడికి అలాంటిదేమీ తగల్లేదు. తగిలి ఉంటే ఆ రోజే పరుగెత్తుకుంటూ షెడ్డుకొచ్చేవాడు. వాడు అలాంటివాడే. తొమ్మిదేళ్ళ వయసులో గ్లాసు పగలగొట్టి, అన్నం తినకుండా చెప్పడానికి బావ కోసం గుమ్మంలో కూర్చున్నవాడు. ఇప్పుడు లేని రాయిని తెచ్చి ఆరో మలుపులో పెట్టుకుంటున్నాడు. అంత నమ్మకం వాడికి బావ చెవి మీద, బావ చూపు మీద. బావ చూసి రాయి కాదనలేదంటే అది రాయే.

 

షెడ్డులోకి రాగానే బండిని పైకెత్తారు. ఈసారి నిదానం నేల మీద పడుకుని, దూలం చూసి, చెక్క పెట్టి ఎత్తాడు. నూనె దించాడు. తెల్ల గుడ్డ ఒకటి అడిగితే భార్య ఉతికిన దుప్పటి అంచు చింపి ఇచ్చింది. నూనెని దాంట్లోంచి వడగట్టాడు. ముగ్గురూ గుడ్డ మీదికి వంగారు. ఇత్తడి పొడి మెరిస్తే లోపల బేరింగులు అరిగిపోయినట్టు, ఇంజిన్ పోయినట్టు. గుడ్డ నల్లగా ఉంది. మూలన రెండు మిణుకులు. రెండే.

"బతికిందా?" అంది భార్య.

"బతికింది. ఇంకో వారం తిరిగుంటే బతికేది కాదు."

ఇరవై బోల్టులు విప్పి చాంబరు దించి బల్ల మీద బోర్లా పెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. కడగలేదు. ఇంకా కడగలేదు. కడిగితే గుర్తులు తేటగా కనబడతాయి. అప్పుడే ఇన్‌ఛార్జమ్మ వచ్చింది. చేతిలో ఫైలు.

"రోగులు క్షేమంగా చేరారు" అంది ముందు. ఆ మాట వినగానే బావమరిది భుజాలు కాస్త దిగాయి. "ఇది ఇప్పుడే తేల్చుకుందాం. రాయి ఎక్కడ తగిలిందో, ఎప్పుడు తగిలిందో ఇందులో రాసి సంతకం పెట్టు. తాళాలు కూడా ఇచ్చెయ్యి."

"మేడమ్, వాడు ఎనిమిదేళ్ళ నుంచి..." అంటూ అక్క అడ్డం వచ్చింది.

"ఎనిమిదేళ్ళు బాగా నడిపాడమ్మా. నేను కాదనలేదు. తగిలింది దాచిపెట్టాడు. అదే నేను భరించలేను. అదే మొదటి రోజే చెప్పుంటే ఒక్కపూట పని."

 బావమరిది తాళాలు తీసి బల్ల మీద, చాంబరు పక్కన పెట్టాడు. కలం తీసుకున్నాడు. వంగి రాయడం మొదలుపెట్టాడు. వాడి రాత పెద్దపెద్ద అక్షరాలు. రెండు బారల దూరం నుంచి కూడా నిదానానికి కనబడుతోంది. 'ఆరో మలుపు దగ్గర'. అక్కడ ఆగి తర్వాతి మాట కోసం ఆలోచిస్తున్నాడు.

"రాయొద్దు" అన్నాడు నిదానం.

గట్టిగా అనలేదు. అయినా కలం ఆగింది.

అతను మూలకి వెళ్ళి జాకీని లాగాడు. చక్రాలు సిమెంటు మీద కిర్రుమన్నాయి. దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టడానికి ఒక్కడివల్ల కాదు. ఎవర్నీ సాయం అడగలేదు. బదులుగా చాంబరునే తీసుకొచ్చి, గుడ్డతో తుడిచి, తిప్పి జాకీ తల మీద పెట్టాడు. అటూ ఇటూ కాస్త జరిపాడు. మూడు పళ్ళు మూడు గుంటల్లో కూర్చున్నాయి. విరిగిన పంటి చోట సొట్ట నున్నగా ఉంది. చెయ్యి తీసేశాడు. చాంబరు కదలకుండా దాని మీదే నిలబడింది, మూత మీద మూత పెట్టినట్టు.

ఇన్‌ఛార్జమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది.

"బ్రేకు రేకులు మార్చిన రోజు" అన్నాడు నిదానం. "కింద చూడకుండా ఎత్తాను. చప్పుడైతే విన్నాను కూడా. రాయి లేదు మేడమ్. వాడు ఏ రాయి మీదా ఎక్కించలేదు."

"మరి పొద్దున ఫోనులో..."

"అప్పటికే తెలుసు."

 ఆమె డ్రైవరు చేతిలోంచి కాగితం తీసుకుని నాలుగుగా మడిచి ఫైల్లో పెట్టుకుంది. బల్ల మీది తాళాలు తీసి వాడి చేతికిచ్చింది. "మూడు వారాలు నువ్వు చెప్పింది నేను వినలేదు" అంది వాడితో. నిదానం వైపు తిరిగి, "ఈ బండి మీరే బాగు చేసివ్వాలి, మేస్త్రీ. మీవల్ల పడింది కాబట్టి. మిగతా రెండూ ఇంక ఇక్కడికి రావు" అంది.

"సరే మేడమ్."

ఆమె వెళ్ళిపోయింది. బయట జనం లేరు, వీధి మామూలుగానే ఉంది. కానీ సాయంత్రానికి ఈ మాట బస్సులు ఆగే చోటుకి చేరుతుందని ముగ్గురికీ తెలుసు.

బావమరిది తాళాలు చేతిలో పట్టుకుని జాకీ మీదున్న చాంబరునే చూస్తున్నాడు.

"ఆ రోజు తొందరపెట్టింది నేనే కదా" అన్నాడు చివరికి. "రోగులు ఎదురుచూస్తున్నారు, త్వరగా కానివ్వు బావా అన్నాను."

"తొందర నీది. జాకీ నాది."

"మూడు కాగితాలు బావా. మూడుసార్లు నేను అబద్ధాలకోరునయ్యాను."

"అవును."

"పొద్దున నాలుగోసారి."

దీనికి నిదానం అవుననలేదు. తల వంచాడు. వాడు తాళాలు జేబులో వేసుకుని, చెప్పకుండా బయటికి నడిచాడు. ఎప్పుడూ వెళ్ళేటప్పుడు గోడ అవతలికి "అక్కా, వెళ్ళొస్తా" అని కేకేసేవాడు. వెయ్యలేదు.

నిదానం చాంబరు దించి కింద పెట్టాడు. సొట్ట లోపలినుంచి తట్టి లేపడానికి చెక్కసుత్తి తీసుకున్నాడు. భార్య అక్కడే నిలబడి ఉంది. అవతల ఇస్త్రీపెట్టె చల్లారిపోతున్నా కదల్లేదు.

"కింద పడుకున్నప్పుడే తెలిసిందా?"

"చెయ్యి తగలగానే."

"మరి ఇక్కడిదాకా నోరెందుకు విప్పలేదు?"

అతను సుత్తి ఒళ్ళో పెట్టుకుని ఆలోచించాడు. ఆమె తొందరపెట్టలేదు. "చెప్పకుండా ఉండిపోగలననుకున్నాను" అన్నాడు. "వాడికి లేని రాయి గుర్తుకొచ్చేదాకా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తమ్ముడి కోసమో, మొగుడి కోసమో ఆమెకే తెలియదు.

"ఆ మాట నాకెందుకు చెప్తున్నారు? వాడికి చెప్పండి."

"ఇప్పుడు వింటాడా?"

"వినడు. అయినా వెళ్ళి చెప్పండి."

వీధి చివర బావమరిది ఇంకా కనబడుతున్నాడు, కొళాయి దగ్గర నిలబడి ముఖం కడుక్కుంటున్నాడు. నిదానం సుత్తి కింద పెట్టి లేచాడు. నూనె చేతులతోనే, చెప్పులు కూడా వేసుకోకుండా, అటు నడిచాడు.